ఎదురుజోడు

పొద్దు పొడిచేసరికి నడకశాలలో ట్రెడ్‌మిల్ పట్టాలన్నీ తిరగడం మొదలైంది. వరుసలు వరుసలుగా జనం, ఎవరి పట్టా మీద వాళ్లు, ఎక్కడికీ చేరని నడక నడుస్తున్నారు. అందరి కడుపులూ ఖాళీ. ఆ పనికి అది మొదటి నియమం. 'ఆకలిగొన్న కండే కబురు పంపుతుంది' అని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి కూడా ఉంటుంది.

నూకరత్నం నోట్లో మాత్రం మాడుగుల హల్వా ముక్క ఉంది.

"ఏటే రత్నం, నెయ్యి వాసనొస్తంది," అంది పక్క పట్టా మీది పోలమ్మ.

"ఆకలికి నీకలా అనిపిస్తంది పిన్నీ."

"ఆకలేత్తే నాకు చేపల పులుసు వాసనొస్తాది. నెయ్యి వాసన ఎప్పుడూ రాలేదు." పోలమ్మ నడక ఆపకుండానే నవ్వింది. "సర్లే, మీ ఆయనెలాగున్నాడు?"

నడకమనుషుల మధ్య అది రోజూ ఉండే వేళాకోళం. ఎవరి కోసం నడుస్తున్నారో వాళ్ల పేరు నడిచేవాళ్లకు చెప్పరు. అందుకని ఆ కనిపించని మనిషిని మొగుడనో పెళ్లామనో పిలుచుకుంటారు. ఇద్దరినీ కలపడాన్ని జోడు కట్టడం అంటారు.

తినడం ఒకరి వంతు, నడవడం మరొకరి వంతు అయి అప్పటికి చాలా కాలమైంది. మనిషి తిన్న చక్కెరలో ఎక్కువ భాగం చేరాల్సింది కండల్లోకి. కండకణానికి తలుపుంటుంది, ఇన్సులిన్ దాని తాళంచెవి. కొందరిలో ఆ తాళం మొద్దుబారుతుంది. చెవి ఎంత తిప్పినా తలుపు తెరుచుకోదు, చక్కెర రక్తంలోనే తిరుగుతూ ఒళ్లంతా పాడుచేస్తుంది. నడుస్తున్న కండకు మాత్రం ఆ చెవితో పని లేదు. కదలికకే దాని తలుపులు తెరుచుకుంటాయి. అలా కదిలిన కండ రక్తంలోకి ఒక సందేశం వదులుతుంది. దాన్ని పట్టి ఇంకొకరి కండకు వినిపిస్తే అక్కడి తలుపులూ తెరుచుకుంటాయి. ఆ సందేశం పేరు నడకకబురు. దాన్ని పంపేదీ అందుకునేదీ తొడకు కట్టుకునే తోడుపట్టీ.

ఆ పట్టీ వచ్చాక విశాఖపట్నంలో మెట్లు కట్టడం మానేశారు. విందుశాలలు పొద్దస్తమానం తెరిచే ఉంటున్నాయి. బీచి రోడ్డు మీద ఎవరైనా నడుస్తూ కనిపిస్తే, పాపం ఎవరి కోసం నడుస్తున్నారో అనుకుంటారు.

నడకకబురును కనిపెట్టింది ప్రొఫెసర్ మార్తాండరావు అని బడిపిల్లల పుస్తకాల్లో ఉంటుంది. కనిపెట్టింది నూకరత్నం.

ఆమె ఇంట్లో ఆమెకు ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. పీహెచ్‌డీలో చేరాక, పరీక్షకు కండముక్క ఇచ్చేవాళ్లు ఎవరూ దొరక్కపోతే, పోర్టులో మూటలు మోసే తండ్రి సన్యాసయ్య లుంగీ పైకెత్తి తొడ చూపించాడు. "నాది తీసుకోమ్మా. మోసి మోసి రాయిలాగుంటాది," అన్నాడు. ఆయన తొడలోకి సూది గుచ్చి, ఆమె బియ్యపు గింజంత ముక్క తీసింది. ఆయన ల్యాబ్ కిటికీలోంచి ఓడల్ని చూస్తూ కూర్చున్నాడు. ఆ ముక్కలోనే ఆమెకు కబురు దొరికింది.

ఆ సంగతి తెలిసిన గైడు మార్తాండరావు ఆమెను హైదరాబాదు సదస్సుకు పంపాడు. ఆమె అటు వెళ్లగానే సన్యాసయ్యను ల్యాబ్‌కు పిలిపించాడు. ఆమె తిరిగొచ్చేసరికి తండ్రి తొడ నిండా సూది పోట్లు.

"సారు ఇంకొక్కటి, ఇంకొక్కటి అన్నారమ్మా," అన్నాడు సన్యాసయ్య. "నీకు గురువు కదా. వద్దంటే నీ సదువుకేటైనా అడ్డమొస్తాదేమోనని..."

పోట్లు చీము పట్టాయి. కూతురు బాధపడుతుందని ఆయన జ్వరం ముదిరేదాకా చెప్పలేదు. కాలు తీసేశారు. పోర్టంతా తిరిగిన మనిషి మంచం మీద కూర్చునే పోయాడు. వైవాలో మార్తాండరావు ఆమె థీసిస్‌ను పక్కకు నెట్టి, ఈ ఫలితాలు నిలబడవమ్మా అన్నాడు. ఆ తరవాత తోడుపట్టీ ఆయన పేరుతోనే వచ్చింది. మొట్టమొదటి పట్టీ లోపలి పొరను సన్యాసయ్య కండకణాలతో పెంచారు. దాన్ని మార్తాండరావు తన తొడకే కట్టుకుని ఫొటోలు దిగాడు. డిగ్రీ దక్కని నూకరత్నం నడకమనిషిగా చేరింది.

ఆయన పాత నడకమనిషి మానేసినప్పుడు, పేర్లు ఎరగని యంత్రం ఆ పట్టీకి కుదిరే కండ కోసం రాష్ట్రమంతా వెతికింది. అచ్చుగుద్దినట్టు కుదిరే కండ ఒక్కటే దొరికింది. అది సన్యాసయ్య కూతురిది. అంత బాగా కుదిరిందని నడకశాలవాళ్లు చెప్పిన రోజునే, ఆ పట్టీ ఎవరి కాలికుందో నూకరత్నానికి తెలిసిపోయింది. జోడు కట్టుకుంది. ఆ సాయంత్రమే హల్వా కొనుక్కుంది.

తోడుపట్టీ కొత్తలో నడకమనుషుల సంఘం జంకితే మార్తాండరావు వేదికెక్కి ఒక మాట ఇచ్చాడు. 'మీ కోసం నేను నడిచే రోజు కూడా రావచ్చు. జోడులో నడిచేవారి కండ మొద్దుబారితే, అందుకునేవారే స్వయంగా నడిచి వారికి కబురు పంపాలి. బదులు మనిషిని పంపకూడదు.' సభంతా చప్పట్లు కొట్టింది. దాని పేరు ఎదురుజోడు. రోజూ నడిచే కండ మొద్దుబారదని ఆయనకు తెలుసు. అందుకే ధైర్యంగా అన్నాడు. ఇన్నేళ్లలో దాన్ని అడిగినవాళ్లే లేరు. నడకశాలలో ఎవరికైనా కాలు బెణికితే, పోయి ఎదురుజోడు అడుక్కో అని నవ్వుకునేవాళ్లు.

నడిచే కండ కూడా ఎలా మొద్దుబారుతుందో నూకరత్నానికి తెలుసు. కండనారల మధ్య నేతి బొట్లలా కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ మాట లోపలికి చేరదు. ఆమె పక్కకు నెట్టించుకున్న థీసిస్‌లో అదొక అధ్యాయం. అందుకని తిని వచ్చేది. నిద్ర మానుకునేది. పట్టా మీద కమ్మీలు పట్టుకుని బరువంతా చేతుల మీద వేసి, కాళ్లను ఊరికే ఆడించేది. యంత్రం పట్టా తిరుగుళ్లనే లెక్కపెట్టేది. మార్తాండరావు తొడకు చేరే కబురు ఏ రోజుకారోజు పలచబడింది. ఆమె అరికాళ్లు తిమ్మిరెక్కాయి, నోరు ఎండుకుపోయేది, చూపు మసకబారింది. తను ఏం పోగొట్టుకుంటోందో ఆమె తండ్రి సమాధి దగ్గర కూర్చుని లెక్క చూసుకుంది. చేస్తున్నది పగ. దానికి ఆమె వేరే పేరు పెట్టుకోలేదు.

ఆ రోజు నడకశాల డాక్టరు హైమ ఆమె తొడలోంచి ముక్క తీసి చూసి, మళ్లీ చూసింది.

"రత్నంగారూ, ఇది నడకమనిషి కండలా లేదండీ. ఇలాంటిది నేను చూడలేదు. ఇక మీరు నడవకూడదు. మీకే ఎవరైనా నడవాలి."

"ఎదురుజోడు అడుగుతున్నాను డాక్టరుగారూ."

"తమాషాకా?"

"కాదు."

మధ్యాహ్నానికి మార్తాండరావు చక్రాల కుర్చీలో వచ్చాడు. నెలల తరబడి సగం కబురుతోనే నెట్టుకొస్తున్న ఒళ్లు, ముఖం ఉబ్బి ఉంది. "ఎవరండీ ఆ నడకమనిషి? ఓ మాట మాట్లాడి సర్దుబాటు చేద్దాం," అంటూ లోపలికొచ్చి, ఆమెను చూసి ఆగిపోయాడు.

"నువ్వా రత్నం."

"నేనే సార్. మీ పట్టీలో ఉన్నది మా నాన్న కండ. దానికి నాదే కుదిరింది."

ఆయన తన తొడ మీది పట్టీ వైపు చూసుకున్నాడు. తరవాత మెల్లగా, "మా డ్రైవరు నడుస్తాడమ్మా. వయసులో ఉన్నవాడు," అన్నాడు.

"బదులు కుదరదన్నది మీరే సార్."

"అది జరిగేది కాదని కదమ్మా అన్నాను. వేదిక మీద ఏవో అంటాం." గొంతు తగ్గించాడు. "మీ నాన్న సంగతి నాకూ బాధే. చీము పట్టడమన్నది ఎవరి చేతిలో ఉంటుంది చెప్పు?"

"పరగడుపునే వచ్చారా సార్?" అని అడిగింది నూకరత్నం.

"టిఫిను చేసే వచ్చాను."

"అయితే రేపు రండి. ఏమీ తినకుండా."

ఆయన డాక్టరు వైపు తిరిగాడు. డాక్టరు నేల చూపులు చూసింది. అప్పటికే పట్టాలు ఒక్కొక్కటిగా ఆగుతున్నాయి. పోలమ్మ తన తోడుపట్టీ విప్పి కమ్మీకి తగిలించింది.

"బాబూ, తమరు నడవకపోతే మేమూ నడవం," అంది. "ఈ ఊళ్లో ఎవులి అన్నం ఆళ్లే అరిగించుకుంటారు."

ఆమె వెనక ఇంకో పట్టీ విప్పిన చప్పుడైంది. ఇంకొకటి.

మర్నాడు మార్తాండరావు వచ్చాడు. రాత్రి నుంచీ తినని ముఖం వాడిపోయి ఉంది. ఇద్దరు పట్టుకుని పట్టా మీద నిలబెట్టారు. ఎదురుగా కుర్చీలో నూకరత్నం కూర్చుంది. హైమ ఇద్దరి పట్టీలనూ తిరగవేసింది. ఇప్పుడు పంపేది ఆయన, అందుకునేది ఆమె. నడకశాలంతా చుట్టూ మూగింది.

పట్టా కదిలింది. ఆయన ఒక అడుగు వేశాడు. కమ్మీ పట్టుకోబోతే నూకరత్నం, "చేతులు తీసేయండి సార్. కండ మీద బరువు పడాలి," అంది. చేతులు తీశాడు. ఇంకో అడుగు. నుదుటి మీద చెమట పోసింది. ఆకలికి పెదవులు తెల్లబడ్డాయి.

"ఇంకొక్కటి సార్," అంది.

ఆయన తల ఎత్తి చూశాడు. ఆ మాట ఎవరిదో ఆయనకు గుర్తుంది. కళ్లలో కనపడింది. ఇన్ని నెలలు నెయ్యి మింగి, నిద్ర చంపుకుని ఆమె ఎదురుచూసింది ఆ చూపు కోసమే. దక్కింది.

"ఇంకొక్కటి."

అప్పుడు ఆమె తొడలో ఏదో కదిలింది. ఇన్నాళ్లూ కబురు పంపడమే గానీ అందుకోవడం ఆమె ఎరగదు. అది ఎలా ఉంటుందో ఆమె థీసిస్‌లో లేదు. గడ్డకట్టిన కొబ్బరినూనె ఎండ తగిలి కరుగుతున్నట్టు, తొడలోంచి పిక్కలోకి, పిక్కలోంచి అరికాల్లోకి వెచ్చదనం దిగింది. తిమ్మిరి విడిచింది. నోరు తడైంది. మసక తెరలాంటిదేదో కళ్ల మీంచి జారిపోయి, ఆయన చెవి పక్క నెరిసిన వెంట్రుకలు కూడా స్పష్టంగా కనిపించాయి. ఒళ్లు బరువు దిగి తేలికైంది. తనేమీ చేయలేదు. ఊరికే కూర్చుంది, అంతే.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇంకొక్కటి."

"రత్నంగారూ, చాలండి," అంది హైమ. "తొలి రోజుకు ఎక్కువే. ఆయన పడిపోయేలా ఉన్నారు."

ఆయన కాళ్లు ఈడుస్తున్నాడు. నోరు తెరిచి గాలి పీలుస్తున్నాడు. నూకరత్నం ఆయన ముఖం చూడటం మానేసి కొంతసేపైంది. కళ్లు సగం మూతలు పడ్డాయి. తండ్రి గుర్తుకు రావడం కూడా ఎప్పుడో ఆగిపోయింది.

"ఇంకొక్కటి," అంది. ఆ మాటలో కోపం లేదు. అరటాకులో ఇంకాస్త వడ్డించమన్నట్టుంది.

పోలమ్మ ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగింది. కాసేపు ఆ ముఖాన్నే చూసింది.

"ఎవులి గొంతే అది?" అంది.

నూకరత్నానికి వినపడలేదు. ఆమె చెయ్యి ఒళ్లో ఉన్న హల్వా పొట్లం విప్పుతోంది. పోలమ్మ కమ్మీకున్న తన పట్టీ తీసుకుని, వెళ్లి తన పట్టా ఎక్కింది. ఒక్కొక్కరే ఆమె వెనక వెళ్లారు. పట్టాలు మళ్లీ తిరిగాయి.

హైమ వచ్చి యంత్రం ఆపింది. మార్తాండరావు కమ్మీ మీద వాలిపోయాడు.

వెచ్చదనం మెల్లగా తగ్గిపోతుంటే నూకరత్నం చిరాగ్గా కళ్లు తెరిచింది.

"రేపు కాస్త పెందలాడే రమ్మనండి," అంది.