నలభై సెకన్లు

“ఏమప్పా, దీని నోరు మూయించు.”

హిందూపురం బస్టాండు ఎదుటి మొబైల్ షాపులో, కౌంటరు మీద ఫోను పెట్టి మహజబీన్ అన్న మొదటి మాట అది. ఫోను మాట్లాడుతూనే ఉంది. “సెట్టింగ్స్. బ్యాక్. హోమ్.”

షాపు నడిపే ఫర్హాన్ తలెత్తాడు. “స్క్రీన్ రీడర్ మేడం. చదవలేనోళ్ల కోసం పెడతారు.”

“చదవలేనిది నేనే. అయినా మూయించు. నా బదులు ఇది చదువుతాంటే నేనెప్పుడు చదివేది?”

ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. ఊరు పెనుకొండ. ధర్మవరంలో ఒక మెడికల్ షాపులో పనిచేసేది. ఎనిమిది నెలల కిందట స్ట్రోక్ వచ్చింది. కాళ్లు, చేతులు, మాట దక్కాయి. చదవడం పోయింది. చీటీ రాయగలదు. నిమిషం తర్వాత ఆ చీటీలో ఏముందో ఆమెకే తెలియదు. బెంగళూరులో స్పీచ్ థెరపిస్టు ఒక దారి చెప్పింది. అక్షరం మీద వేలు తిప్పితే, కంటికి అందనిది చేతికి అందవచ్చు.

ఫర్హాన్ ఆమె ఫోనులో ఒక యాప్ పెట్టాడు. తెర మీద ఒక్కో మాట వస్తుంది. వేలితో దిద్దాలి. పది సెకన్లు గడిచాకే ఫోను ఆ మాట పలుకుతుంది.

“దానికంటే ముందు మీరు చెప్తే మీరు గెల్చినట్టు,” అన్నాడు.

“ఓడితే?”

“గెల్చినా ఓడినా బేస్తవారం రండి. టైం మారుస్తా.”

వచ్చింది. ఏడు గురువారాలు వచ్చింది. పది సెకన్లు ఇరవై అయ్యాయి, తర్వాత నలభై. ఆ టైము ఇంట్లో కూర్చుని ఎవరైనా మార్చుకోవచ్చు. ఆ సంగతి ఫర్హాన్ చెప్పలేదు. అది తనకు మొదటి వారమే తెలుసని మహజబీన్ కూడా చెప్పలేదు.

ఎనిమిదో గురువారం వాన పడింది. బస్సు ఎక్కించడానికి గొడుగుతో ఫర్హాన్ కూడా వచ్చాడు. బస్టాండులో ఆమె ఎదుటి బస్సు బోర్డు చూసి గాలిలో వేలు తిప్పింది. “అ... మ... రా...”

బస్సు కదిలిపోయింది.

“అమరాపురం,” అన్నాడు ఫర్హాన్.

“నిన్నెవరు చెప్పమన్నారు? నువ్వూ ఆ ఫోనూ ఒకటే.”

“తప్పైపాయ. నీకొక మాట చెప్పాల.”

“చెప్పు.”

అతను గొడుగు మూసి, మళ్లీ తెరిచాడు. రేకుల మీంచి నీళ్లు కారుతున్నాయి. అగళి బస్సు వచ్చి, జనాన్ని దించి, వెళ్లిపోయింది.

“ఏమబ్బా, నీ గొంతుక్కూడా నలభై సెకన్లు పెట్టుకుండావా?”

“మనం పెండ్లి చేసుకుందామా?”

“దీనికి ఇంతసేపా? నేనైతే పదిలో చెప్పేదాన్ని.” ఆమె గొడుగు లాక్కుంది. “ఒక షరతు. నిఖా కాగితం నేను చదివినాకే సంతకం.”

“ముందే తెచ్చిస్తా. ప్రాక్టీసు చెయ్యి.”

“వద్దు. ముందే చూస్తే బట్టీ వస్తాది. అది చదివినట్టు కాదు.”

ఫర్హాన్ తల్లి హసీనాబీ కొడుకును వెంటబెట్టుకుని పిల్లను చూడటానికి పెనుకొండ వెళ్లింది. “సంతకం వస్తాది కదమ్మా. చాలదా?”

“నా చెయ్యి ఏ కాగితం మీదైనా సంతకం పెడతాది అత్తా. దాంట్లో ఏముండాదో నాకు తెలియాల.”

హసీనాబీ కొడుకు వైపు తిరిగింది. “ఈ పిల్లతో నువ్వు గెలవలేవురా. చేసుకో.”

నిఖా పెనుకొండలో జరిగింది. హాలు మధ్యలో తెర. ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. మహజబీన్ కోరిక మీద ఖాజీ తెలుగులో రాయించిన పత్రం, ఒక పేజీ. ఆమె తండ్రి షంషుద్దీన్ దాన్ని ఇద్దరు సాక్షులతో తెచ్చాడు. అదే సమయానికి హసీనాబీ ఖర్జూరాల పళ్లెం ఆమె ముందు పెట్టింది. పళ్లెంలో ఒక ఇయర్‌బడ్ ఉంది.

మహజబీన్ చెవిలో పెట్టుకుంది. ఫర్హాన్ గొంతు వినిపించింది. “భయపడొద్దు. పొద్దున్నే కాగితం చూసి మొత్తం రికార్డు చేసినా. నా వెంబడే చెప్పు. ఎవరికీ తెలీదు.”

ఆమె దాన్ని తీసి పళ్లెంలో వేసింది. “అత్తా, ఇది మీ కొడుక్కి ఇయ్యండి. ఈరోజు చదివేది నేను. వినేది ఆయప్ప.”

పత్రం ఒళ్లో పెట్టుకుని మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. తెర అవతలికి వినపడేలా చదివింది. మూడో లైనులో తడబడితే షంషుద్దీన్ నోరు తెరిచాడు.

“నాయనా, మాట అందియ్యొద్దు.”

అతను ఒకడుగు వెనక్కి జరిగాడు.

“బిర్యానీ చల్లారిపోతాందమ్మా,” అని అటు నుంచి ఎవరో అన్నారు.

“మూత పెట్టండి,” అంది మహజబీన్.

పదిహేడు నిమిషాలు పట్టింది. రెండు చోట్ల వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. చివర వరుడి పేరు దగ్గర వేలు ఆగింది. దిద్దింది. మళ్లీ దిద్దింది. తెర అవతల ఇయర్‌బడ్ పిడికిట్లో పెట్టుకుని కూర్చున్న ఫర్హాన్ పెదవి కదపలేదు. నలభై సెకన్లు దాటాయి.

“ఫర్హాన్,” అంది.

“ఆ,” అన్నాడతను అటు నుంచి.

“నిన్ను పిల్చలేదు. చదివినా.”

పెన్ను అడిగి తీసుకుని సంతకం పెట్టింది.