ఒత్తు తగిలిన పేజీ

"ఇది నా పుస్తకమా, మీ పుస్తకమా?"

ప్రూఫుల కట్ట నా టేబుల్ మీద పడేసి ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇదే. బళ్లో లెక్కలు చెబుతుంది, ఇంటికెళ్లి కవితలు రాస్తుంది. ఆమె మొదటి పుస్తకానికి అక్షరాలు పేర్చి పేజీలు పెట్టే పని మా పబ్లిషర్ నాకు అప్పజెప్పాడు.

"మీదేనండీ," అన్నాను.

"మరి ప్రతి పేజీ సగం ఖాళీగా ఉందేం? మా ఇంట్లో తొమ్మిదిమందిమి, రెండు గదులు. అందరం ఒకేసారి మాట్లాడతాం. నేను రాసింది ఆ గోల గురించి. మీరేమో ఆసుపత్రిలో 'నిశ్శబ్దం' బోర్డు రాసినట్టు పెట్టారు."

నాకు ఒళ్లు మండింది. "తెలుగులో లైన్ల మధ్య జాగా కావాలండీ. పై లైను ఒత్తు కింది లైను గుడికి తగలకూడదు. తగిలితే కన్ను తడబడుతుంది."

"మీరూ అంతేగా, ఇందాక వస్తూ చూశాను, ఎవరికీ తగలకుండా గోడవారగా నడుస్తారు. సరే ఖాళీగారూ, మళ్లీ చేసివ్వండి."

మర్నాటికల్లా ఆఫీసులో అందరికీ నేను ఖాళీగారినే.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. మా నాన్నది నైట్ డ్యూటీ. ఉన్న ఒక్క గదిలో పగలంతా నిద్రపోయేవాడు. అమ్మ, అక్క, నేను సైగలతో కాలక్షేపం చేశాం. గ్లాసు చెయ్యి జారితే ఆ పూట ఎవరికీ ముద్ద దిగేది కాదు. అలా పెరిగినవాడు పేజీ పెడితే ఎలా ఉంటుంది? ఎవరికీ చెప్పని ఈ సంగతి ఆమెకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

అక్కణ్ణుంచి ప్రతి శనివారం వచ్చేది. ఒకసారి వానలో నిలువునా తడిసి వచ్చింది.

"గొడుగు లేదా?"

"ఉంది. ప్రూఫులకు పట్టాను."

ఆ రోజే ఆమె మీద మనసు పారేసుకున్నాను.

చివరి కవిత మీద రెండు రోజులు కూర్చున్నాను. జన్మలో మొదటిసారి లైన్లు దగ్గరికి జరిపాను. పై లైనులో 'నువ్వు' అన్న మాట కింది ఒత్తు, కింది లైనులో 'నిలబడు' గుడిని ఆనుకుంది. నాకు తెలిసిన ప్రేమలేఖ అదొక్కటే. కవయిత్రి కదా, ఇట్టే పట్టేస్తుందనుకున్నాను.

పట్టేసింది. శనివారం ఆ ఒత్తు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి తెచ్చింది.

"ఇక్కడ తగిలింది, సరిచేయండి. చూశారా, మీ దగ్గరే నేర్చుకున్నాను." ముఖమంతా గర్వం. బ్యాగు భుజాన వేసుకుని కూడా కదల్లేదు. "ఇంకేమన్నా చెప్పాలా?"

"లేదండీ. సరిచేస్తాను."

సరిచేశాను కూడా. నాలాంటి దద్దమ్మ ఇంకోడు ఉండడు.

నెల తర్వాత పుస్తకం వచ్చింది. కాపీల కోసం వచ్చిన ఆమెకు, నా పక్క టేబుల్ దగ్గర బొమ్మలు వేస్తూ ఆ రెండు రోజులూ నన్ను గమనించిన ఆవిడ అసలు సంగతి చెప్పేసింది. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఆ ఒత్తు పొరపాటు కాదట. కావాలనే పెట్టావట."

మొదటిసారి నువ్వు అంది.

"అవును."

"నోటితో చెబితే ఏం పోయేది?"

"పేజీలో చెప్పాను కదా."

"తొమ్మిదిమంది మధ్య పెరిగినదాన్ని. అరిస్తేగాని వినపడదు నాకు. ఆ రోజు బ్యాగు తగిలించుకుని ఎంతసేపు నిలబడ్డాను? ఇంట్లో సంబంధం తెచ్చారు. నిన్న సరేనన్నాను."

ఆమె మెట్లు దిగుతుంటే వెనకాలే పరిగెత్తాను. పై మెట్టు మీద నిలబడి, "నువ్వంటే నాకు ప్రాణం," అని అరిచాను. ఆ గొంతు నాదేనా అనిపించింది. కింద బైండింగ్ వాళ్లు పని ఆపి తలెత్తారు.

ఆమె ఆగింది. వెనక్కి తిరిగింది. కళ్లు తుడుచుకోలేదు.

"వినపడిందండీ," అంది.

నువ్వు పోయి మళ్లీ అండీ వచ్చింది. ఇక ఆమె ఏమీ చెప్పనక్కర్లేదు.