నీడ ముల్లు

హరీష్ హత్య, కొత్త అసైన్‌మెంట్, రెండూ ప్రణతికి ఒకే ఫోన్ కాల్‌లో తెలిశాయి. హరీష్ ఆమె అన్న, ఖానాపూర్ శాటిలైట్ గ్రౌండ్ స్టేషన్‌లో సైంటిస్టు. పొద్దున వేములవాడ నుంచి వస్తుంటే దారిలో కాల్చి చంపేశారు.

“ఏడుసుడు మిషన్ అయినంక పెట్టుకో బిడ్డా,” అన్నాడు కరీంనగర్ ఇంటెలిజెన్స్ ఆఫీసు నుంచి చీఫ్ మధుసూదన్‌రావు.

అలాగే సార్ అంది ప్రణతి. నిజానికి ఏడుపే రావడం లేదు. మనసు మొద్దుబారిపోయింది.

బ్రీఫింగ్ చిన్నదే. భూమి చుట్టూ ఉన్న ప్లాస్మా అనే విద్యుత్ కణాల పొరలో ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ను ఒక శాటిలైట్ కొలుస్తుంటుంది. అక్కడ టర్బులెన్స్ తుఫానులా చెలరేగితే సరిహద్దును కాపు కాసే శాటిలైట్లను కాసేపు నిద్రపుచ్చాలి, లేకపోతే మాడిపోతాయి. ఈ రోజు ఒక విదేశీ ముఠా దొంగ తుఫాను చూపించి వాటిని పడుకోబెట్టి, ఆ సందులో సరిహద్దు దాటబోతోంది. ముఠాలో మన డబుల్ ఏజెంట్ రచన ఖానాపూర్ స్టేషన్‌లోనే డేటా శుభ్రం చేసే పని చేస్తోంది, ఆమె సాయం చేస్తుంది.

ఏసీ మెకానిక్ వేషంలో ప్రణతి కంట్రోల్ రూంలోకి వెళ్లింది. పట్టుచీర, ఖరీదైన సెంటుతో రచన ఎదురొచ్చింది.

“భైంసా పత్తి తడిసిందా?” అని అడిగింది ప్రణతి.

“ఎండబెట్టినం,” అంది రచన. కోడ్ సరిపోయింది.

అంతలో అలారం మోగింది. స్క్రీన్ మీద గ్రాఫ్ పిచ్చెక్కినట్టు ఎగిరింది.

“గిది అసలు తుఫానే చెల్లె, ఫికర్ జెయ్యకు,” అంటూ రచన నిద్ర కమాండ్ కొట్టేసింది. కౌంట్‌డౌన్ మొదలైంది.

ప్రణతి వాచీలో జామర్ ఉంది. నొక్కితే కమాండ్ ఆగుతుంది. కానీ తుఫాను నిజమైతే శాటిలైట్లు బూడిదే. ఆమె గ్రాఫ్ వైపు చూసింది. గీత ఎగిరెగిరి పడుతోంది గానీ ఎక్కడా గరుకు లేదు, నున్నగా ఉంది.

అన్న అన్నం తింటూ ఎన్నోసార్లు చెప్పి విసిగించిన సంగతి గుర్తొచ్చింది. ఫీల్డ్ కొలిచే శాటిలైట్ తన చుట్టూ తాను గిరగిరా తిరుగుతుంది. ఎండలో ఉన్నప్పుడు తీగ చివరన కొలిచే ప్రోబ్ ప్రతి చుట్టులో శాటిలైట్ నీడలో పడుతుంది. అప్పుడు గ్రాఫ్‌లో ఒక ముల్లు లేస్తుంది. రీసెర్చ్ పేపర్లు రాసేవాళ్లు ఆ ముళ్లను ఏరేస్తారు, నేరుగా దిగే డేటాలో మాత్రం ఉండి తీరాలి. శాటిలైట్ ఇప్పుడు మంచి ఎండలో ఉంది. ముల్లు ఒక్కటీ లేదు. అంటే ఇది దొంగ తుఫానే, రచన ముఠా మనిషే; అలవాటు కొద్దీ ముళ్లు ఏరేసి శుభ్రం చేసిన పాత ఫైలునే వాళ్లకు ఇచ్చింది. చూడగానే పట్టేస్తాడనే అన్నను చంపారు.

చివరి సెకనులో ప్రణతి జామర్ నొక్కింది. రచన చెయ్యి పిస్టల్ మీదకు పోయేలోపే ఆమెకు సంకెళ్లు వేసేసింది.

“మీ అన్న సచ్చిండు. నీకు జరంత బాధ గూడ లేదా?” అంది రచన.

“ఉండొచ్చు. ఇంకా తెలుస్తలేదు.”

బయటికొచ్చి చీఫ్‌కు రిపోర్టు చేసింది.

“మిషన్ అయిపోయింది. ఇగ ఏడువు బిడ్డా,” అన్నాడాయన.

సర్వీసులో ప్రణతి అమలు చేయలేకపోయిన మొదటి ఆర్డర్ అదే.