పంతొమ్మిదేళ్ల సిరా

“నాలుగింటికి ఆ చిత్రం విదేశీ ఎంబసీ సంచీలోకి వెళ్తుంది. సీలు పడ్డాక మనం వేలు పెట్టలేం. అర్థమైందా, నైన్?”

చెవిలో చీఫ్ గొంతు. హాంగ్‌జౌ విమానాశ్రయం కార్గో హాల్లో, కస్టమ్స్ యూనిఫాం వేసుకున్న ఏజెంట్ నైన్ గడియారం చూసింది. ఆమె అసలు పేరు తాన్ వెయ్‌చింగ్. టైము మూడూ నలభై తొమ్మిది.

బల్ల మీద పన్నెండడుగుల సిరా చిత్రం. నిండా అక్షరాలు. చూస్తే చైనా అక్షరాలే, చదవబోతే ఒక్కటీ ఏ నిఘంటువులోనూ లేదు. పక్కనున్న గార్డు పాపం, తెలియని అక్షరం కనబడితే చైనావాళ్లకుండే అలవాటుకొద్దీ, అరచేతిలో వేలితో రాసుకుని చూశాడు. ఏమీ తేలక చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

గీసింది మౌ షిచెన్. వెయ్‌చింగ్‌కి కుంచె పట్టడం నేర్పిన మాస్టారు. పంతొమ్మిదేళ్ల పనిని సాగనంపడానికి వచ్చి, మూల స్టూలు మీద టీ ఫ్లాస్కుతో కూర్చున్నాడు.

“మీరు వెతికే రహస్యం అక్షరాల్లో లేదు,” అంటూ గ్యాలరీ యజమాని చీ మాన్లీ సెంటు గుబాళిస్తూ పక్కకి చేరింది. విదేశీ ముఠా జీతం, మన జీతం రెండూ తినే సుందరి. “వెనక అతికించిన పొర మీద ఉంది. మన జలాంతర్గాముల స్థావరం మ్యాప్. ముసలాయనకి ఏమీ తెలీదు.”

స్కానర్‌లో నలుపు మీద నలుపు తప్ప ఏమీ కనిపించలేదు.

“పొరలు విడదీయ్,” అన్నాడు చీఫ్.

“జాగ్రత్తగా అయితే మూడు రోజులు సార్. ఇప్పుడే అంటే తడపాలి. మాస్టారి సిరాలో జిగురు తక్కువ, మొత్తం కారిపోతుంది. సరుకే ఆపేద్దాం.”

“ఆధారం లేకుండా ఎంబసీ సరుకు ఆపితే పైవాళ్లు నన్ను బతకనివ్వరు. తడుపు.”

వెయ్‌చింగ్ వెళ్లి మాస్టారికి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

“నేను వద్దంటే మానేస్తావా?” అడిగాడాయన.

“లేదు మాస్టారూ.”

“మరి నాతో చెప్పడమెందుకమ్మా. అంచు నుంచి తడుపు. మధ్యలో పోస్తే చిరుగుతుంది.”

గార్డు నీళ్ల సీసా తీసుకుని ఆమె అంచు నుంచే తడిపింది. అక్షరాలు బూడిదరంగు నీళ్లయి నేల మీదికి కారాయి. ఆమె ఏడుస్తూనే పై పొర లాగింది. కింద రేవు గీతలు, లోతుల అంకెలు. మూడూ యాభై తొమ్మిది. సంచీకి సీలు వెయ్యడానికి అప్పుడే వచ్చిన ఎంబసీ గుమాస్తా ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది.

“భేష్,” అన్నాడు చీఫ్. “ఆయనకి కాగితం, సిరా మన ఖర్చుతో ఇప్పిద్దాం. మళ్లీ అదే రాసెయ్యమను.”

ఆమె తలొంచుకుని ఆ మాటే చెప్పింది. మాస్టారు ఫ్లాస్కు మూత బిగించుకుని లేచాడు.

“అదేనా? ఎలా రాస్తానమ్మా, అవి నాకూ చదవడం రాదుగా.”