ఎర్ర చుక్క పెట్టిన ప్లేటు

"సీలెందుకు తీశారండీ? కొత్త రికార్డుకి సీలు తీసే హక్కు మీకెవరిచ్చారు?"

జగ్గయ్యపేటలోని థామస్ సౌండ్ సర్వీస్ గుమ్మంలో నీహారిక వేసిన కేకకి, రిపేరుకొచ్చిన మూడు యాంప్లిఫయర్లూ సిగ్గుపడ్డాయి. నందిగామ నుంచి బస్సులో నిలబడి వచ్చింది. సీటు దొరక్కపోతే సర్దుకుంటుంది గానీ, మోసపోతే మాత్రం ఊరుకునే రకం కాదు.

పది రోజుల క్రితం నాన్న వీణ రికార్డు సోఫా మీదుంటే, చూసుకోకుండా దాని మీద కూర్చుంది. రికార్డు రెండు ముక్కలైంది. ఆ రోజు నుంచి నాన్న భవానీప్రసాద్ గారి మాటలూ రెండు ముక్కలే: "ఊఁ", "ఉహూఁ". రేపు ఆదివారం ఆయన పుట్టినరోజు. ఈలోగా అదే రికార్డు తెచ్చి ఆయన నోరు తెరిపించాలని ఆమె పంతం.

పాత పాటకి కొత్తగా అచ్చేసిన రికార్డుల్ని ఆన్‌లైన్‌లో తెప్పిస్తే, మొదటిది అప్పడంలా వంకరపోయింది. రెండోది తిన్నగానే ఉంది, వీణ మాత్రం బకెట్లో కూర్చుని వాయించినట్టుంది. పాట ఎలా ఉన్నా, రేటులో రెండూ రికార్డులే! పేటలో రేటు తక్కువ, ప్లేటు మంచిది అని ఎవరో చెబితే ఇలా వచ్చింది.

"మొత్తం విన్నానండీ," అన్నాడు థామస్ గారి కొడుకు ఎడ్విన్. "వినకుండా ఎవరికీ ఇవ్వను."

"అంటే వాడేసిన సరుకన్నమాట! మరి ఈ ఎర్ర చుక్కేంటి? బొట్టు పెట్టి అత్తారింటికి పంపిస్తున్నారా?"

రికార్డు మధ్య కాగితం మీద నెయిల్‌పాలిష్ చుక్క మెరుస్తోంది.

"అది మా అలవాటండీ..."

"అట్ట మూల కూడా నలిగింది!"

"అందుకే సగం రేటండీ. హైదరాబాద్‌లో అట్ట నలిగినవే ఏరుకొస్తా. పాట అట్టలో ఉండదు కదా."

"అడిగితే ప్లేటు ఫిరాయిస్తున్నారు!"

"ఫిరాయించి కూడా విన్నానండీ. రెండు వైపులా."

నవ్వు రాబోయింది. నీహారిక దాన్ని కోపంతో తొక్కిపెట్టి, ఇరవై నిమిషాలు తిట్టింది. ఎడ్విన్ తల ఓ పక్కకి వాల్చి, ఒక్క మాటా అడ్డు చెప్పకుండా విన్నాడు. దాంతో ఆమెకి ఇంకా మండింది. కానీ టైము లేదు. డబ్బు బల్ల మీద కొట్టి, రికార్డు చంకన పెట్టుకుని బస్సెక్కింది. చిల్లకల్లు దాటేదాకా లోలోపల తిడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున భవానీప్రసాద్ గారు రికార్డు బయటికి తీసి, చుక్క దగ్గర ఆగిపోయారు.

"ఇది థామస్ చుక్క కదే!"

పది రోజుల తర్వాత నాలుగు మాటలు!

ఆయన బీరువాలోంచి విరిగిన ముక్క తెచ్చి చూపించారు. దానిమీదా వెలిసిపోయిన ఎర్ర చుక్క.

"మైక్‌సెట్‌లోకి క్యాసెట్లొచ్చాక థామస్ ప్లేట్లన్నీ అమ్మేశాడు. అప్పుడు కొన్నా. తాళి కట్టేవేళ ముల్లు గీతలో ఇరుక్కుని ప్లేటు పాడిందే పాడుతుంటే మైక్‌సెట్ వాడి పరువేం కావాలి? అందుకని ప్రతిదీ చివరిదాకా వినేవాడు. ఎక్కడా ఆగకపోతేనే చుక్క. చుక్క లేందే పెళ్ళికి పంపేవాడు కాదు."

వీణ మోగింది. ఒక్క చిటపట లేదు. నాన్న కళ్ళు మూసుకున్నారు. కొట్లో ఉన్నది థామస్ కొడుకని నీహారిక చెబితే, "ఆ అబ్బాయిని ఓసారి రమ్మనవే," అన్నారు.

నీహారిక కోపం తగ్గలేదు, దారి మారిందంతే. సగం తన మీదకి, సగం నోరు తెరిచి సంగతి చెప్పని ఎడ్విన్ మీదకి.

సోమవారం మళ్ళీ పేట.

"చెప్పొచ్చుగా! అంతసేపు తిడుతుంటే రాయిలా నిలబడతారా?"

"మధ్యలో ఆపితే ఎలాగండీ? చివరిదాకా వినాలి కదా."

"విని?"

ఎడ్విన్ చెవులు ఎర్రబడ్డాయి. "మళ్ళీ వినాలనిపించిందండీ. శనివారం నుంచీ."

బయట వాన మొదలైంది. నీహారిక కోపంగా చూసింది. కోపంగానే బల్ల మీది నెయిల్‌పాలిష్ సీసా తీసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది.

"మిమ్మల్ని నేనింకా వినలేదు. ఆదివారం నందిగామ రండి, నాన్న పిలిచారు. మొదట్నుంచి చివరిదాకా చెప్పండి. ఎక్కడా ఆగకపోతే అప్పుడు పెడతా చుక్క."

వానలోకి దిగింది. వెనక నుంచి ఎడ్విన్ గొంతు, మొదటిసారి గట్టిగా:

"ఆదివారం దాకా ఎందుకండీ? బస్సులో ముప్పావుగంట ఉంటుంది కదా!"

షట్టర్ దించిన చప్పుడు. నీహారిక వెనక్కి తిరగలేదు. అతను తాళం వేసి వచ్చేలోపే నందిగామ బస్సొచ్చింది. ఖాళీ సీట్లు కూడా ఉన్నాయి.

దాన్ని పోనిచ్చి, తడుస్తూ అక్కడే నిలబడింది.