పడలేదు, దిగాను

భోజనాల గంట మోగగానే నూట అరవై మీటర్ల ఎత్తున పనిచేస్తున్న పదకొండు మంది ఒకరి తర్వాత ఒకరు గాలిలోకి అడుగేశారు.

ఉప్పాడ తీరంలో అది రోజూ జరిగేదే. గాలిమర స్తంభం మీది నుంచి మనిషి జారిన మరుక్షణం అతను తొడుక్కున్న పతనరోధకం ఆ సంగతి పసిగడుతుంది. భుజాల దగ్గర ముడుచుకుని ఉన్న పలచని రెక్కలు విచ్చుకుంటాయి. నడుము చుట్టూ ఉన్న సన్నటి గొట్టాలు గాలిని కిందికి చిమ్ముతాయి. ఆగిన బస్సు దిగినంత మెత్తగా కాళ్లు నేలకు ఆనుతాయి. కాగితాల మీద దాని పేరు పతనరోధకమే గానీ పనివాళ్లు పట్టుచొక్కా అంటారు. అందులో పట్టుపోగు ఒక్కటీ లేదు. పడేవాణ్ణి పట్టుకుంటుంది కాబట్టి ఆ పేరు. అది వచ్చి ఇరవై రెండేళ్లయింది. ఇన్నేళ్లలో దాన్ని తొడుక్కున్న మనిషి ఒక్కడు కూడా పడి చచ్చిపోలేదు.

పన్నెండో మనిషి మాత్రం ఒంటి మీద చొక్కా ఉన్నా నిచ్చెన మీదే దిగుతోంది. ఆమె ఆ పనివాళ్లందరికీ మేస్త్రి, నూకరత్నం. వయసు యాభై నాలుగు. నడుముకు రెండు తాళ్లు, తాళ్ల చివర రెండు కొక్కేలు. ఒకటి కింది మెట్టుకు తగిలించాకే రెండోది విప్పుతుంది.

"మేస్త్రమ్మా! మీరు దిగేసరికి మేం తిన్నది అరిగిపోద్ది!" కింద నుంచి తాతాజీ అరిచాడు.

"అరగనీ. సాయంత్రం దాకా మళ్లీ తిండి అడగకు" అంది ఆమె, చూపు కొక్కెం మీదే ఉంచి.

నూకరత్నానికి చొక్కా అంటే చిన్నచూపు లేదు. అది రాకముందు పైకెక్కిన తరం ఆమెది. తనతో పాటు పనిలో చేరిన వాళ్లలో నలుగురు తన కళ్లముందే రాలిపోయారు. చొక్కా మొదటిసారి తొడుక్కున్న రోజున దాన్ని కళ్లకద్దుకుంది. ఆమెకు గిట్టనిది దూకడం. నిచ్చెన మీదే దిగాలని రూలుంది. కానీ దూకితే ప్రతి మనిషికీ రోజుకు గంటన్నర పని కలిసొస్తుంది. అందుకని రూలు రాసినవాళ్లే చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

"పొరపాటున పడితే పట్టుకోడానికిరా అది. ఏదో ఒక రోజు విచ్చుకోకపోతే?" అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ఎవరూ వినలేదు. ఎందుకంటే చొక్కా ప్రతిసారీ విచ్చుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం తాతాజీ భార్య సత్యవేణి ఫోన్ చేసింది. నూకరత్నం కాకినాడ ఆసుపత్రికి వెళ్లేసరికి తాతాజీ రెండు కాళ్లకూ కట్లతో పడుకుని ఉన్నాడు. నడుమెముక కూడా చిట్లింది. సొంత ఇంటి రెండో అంతస్తు డాబా మీది నుంచి పడ్డాడు. కింద సన్‌షేడ్ రేకు అడ్డం పడబట్టి బతికాడు.

"ఎలా పడ్డావురా? కళ్లు తిరిగాయా?"

"పడలేదండీ మేస్త్రమ్మా" అన్నాడు తాతాజీ. "దిగాను."

ఆమెకు అర్థం కాలేదు.

"నీళ్ల ట్యాంకు బాగుచేస్తున్నానండీ. వేణి అన్నానికి పిలిచింది. స్పానర్ జేబులో పెట్టుకుని, పిట్టగోడ ఎక్కి అడుగేశాను. గాలిలోకి వచ్చాక గానీ ఒంటి మీద చొక్కా లేదని తెలీలేదు."

"మెట్లు పక్కనే ఉన్నాయండీ" అంది సత్యవేణి. "నేను చూస్తూనే ఉన్నాను. నవ్వుకుంటూ అడుగేశాడు."

"అంచున నిలబడ్డప్పుడు గుండె జల్లుమనలేదా?" అని అడిగింది నూకరత్నం.

"లేదండీ. ఏమీ అనిపించలేదు."

నూకరత్నం మంచం పక్కన స్టూలు మీద కూలబడింది. ఇన్నేళ్లూ ఆమె చొక్కా చెడిపోతుందనే భయపడింది. అది చెడిపోలేదు. మనిషికి పుట్టుకతో వచ్చిన భయాన్ని మాత్రం కాస్త కాస్తగా తినేసింది. ఆ సంగతి చొక్కా కనిపెట్టినవాళ్లకూ తట్టలేదు, తనకూ తట్టలేదు.

మర్నాడు ఆమె కంపెనీ భద్రతాధికారి శేషగిరి దగ్గరకు వెళ్లింది. ఆయన రికార్డులు తిరగేసి, "ఆ రోజు అతను చొక్కా తొడుక్కోలేదు కదమ్మా. ఇది మన ప్రమాదాల కిందికి రాదు" అన్నాడు.

"ఇంటి దగ్గర ఎవరు తొడుక్కుంటారండీ?"

నూకరత్నం ఆ తర్వాతి నాలుగు ఆదివారాలూ ఆసుపత్రుల చుట్టూ తిరిగింది. గాలిమరల మీద పనిచేసేవాళ్లు తొమ్మిది మంది ఇలాగే పడ్డారని తేలింది. ఒకతను మామిడిచెట్టు కొమ్మ మీది నుంచి, ఒకతను వంతెన మీది నుంచి, ఒకామె బట్టలు ఆరేస్తూ బాల్కనీలోంచి. అందరూ మామూలుగా దిగబోయినవాళ్లే. ఇద్దరు దక్కలేదు. పేర్లన్నీ స్వయంగా రాసి, ఆ కాగితం తెచ్చి శేషగిరి ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీసేశాడు.

"ఏం చెయ్యమంటారు, నూకరత్నం గారూ?"

"చొక్కా ఉండాలండీ. దూకడం ఆగాలి. నిచ్చెన దిగే సమయాన్ని కూడా పని కిందే లెక్కగట్టండి. నాకు మాత్రం ఇద్దరు మనుషులెత్తు మంచె ఒకటి, కింద మందపాటి పరుపు వేయించి ఇవ్వండి."

ఆయన ఒప్పుకున్నాడు. ఆ మంచె మీద ఆమె తన మనుషుల్ని రోజూ ఒక్కొక్కరినీ చొక్కా లేకుండా, కొక్కేలతో నిలబెట్టింది. అంచున నిలబడి కిందికి చూడమనేది. మొదట్లో వాళ్లు నవ్వారు, ఆవలించారు, ఒకతను ఈల వేశాడు. ఎవరి కాలూ తడబడలేదు. అయినా నూకరత్నం మానలేదు. ఎండలో గొడుగు పట్టుకుని, వానలో తడుస్తూ ప్రతి మనిషి పక్కనా నిలబడింది. నెలలు గడిచాక ఒకరిద్దరు అంచు నుంచి తమకు తెలియకుండానే ఓ అడుగు వెనక్కి వేశారు.

ఏడు నెలలకు తాతాజీ చేతికర్రతో వచ్చాడు. కర్రను మంచెకు ఆనించి, మెల్లగా నిచ్చెన ఎక్కి, రెండు కొక్కేలూ తగిలించాడు. అంచుకు వచ్చి కిందికి చూశాడు. మొహమంతా చెమట పట్టింది. పక్కనున్న ఇనుప కమ్మీని రెండు చేతులతో కరుచుకున్నాడు.

"నావల్ల కాదండీ మేస్త్రమ్మా" అన్నాడు సిగ్గుతో. "కాళ్లు వణికిపోతున్నాయి. నేనింక ఈ పనికి పనికిరాను."

కింద నిలబడి చూస్తున్న నూకరత్నం మొహం విప్పారింది. కళ్లు తుడుచుకుంది.

"నిజంగా వణుకుతున్నాయా?"

"మీకు అబద్ధం చెప్తానా?"

"అయితే రేపట్నుంచి పనిలోకి రా" అంది ఆమె.