ఆముదం వాసన రాని రోజు

బర్మాలో తెలుగువాళ్లుండే మింగళ తౌంగ్‌న్యున్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ ఢిల్లేశ్వరరావు ఆఫీసుకు వచ్చిన సూర్యావతి కుర్చీలో సరిగా కూర్చోనైనా లేదు.

"మా ఆయన్ని సంపేస్తారు, ఊ ఢిల్లీ. బండి తిరుగుతుండగా ఇంజను పట్టేసేలా సేసినారు. మోచెయ్యి దోక్కుపోయి, ఏదో బతికొచ్చినాడు."

అక్కడ మర్యాదకు మగవాళ్ల పేరు ముందు 'ఊ', ఆడవాళ్ల పేరు ముందు 'మా' చేర్చి పిలుస్తారు. ఆమె భర్త గోపీకృష్ణ స్పీడ్‌వే రైడర్. బ్రేకులు లేని మోటార్‌సైకిల్ మీద మట్టి ట్రాకులో, ఎడమకాలు నేలకు ఆన్చి మలుపంతా జారుతూ పోవడం అతని వృత్తి. ఏటా సగం రోజులు పోలెండ్‌లో ఒక క్లబ్బు తరఫున ఆడతాడు. నగరంలో మోటార్‌సైకిళ్లు తిప్పనివ్వరు కనుక, ఇంటికొచ్చినప్పుడు నది దాటి ట్వంటేలో సాధన చేస్తాడు. వచ్చే వారం సొంత ఇంజనుతో బయల్దేరాలి. ఇప్పుడు ఆ ఇంజనే లేదు.

"అనుమానం ఎవరి మీద?" సహాయకురాలు సత్యశ్రీ అడిగింది.

"మెకానిక్కు ధనరాజ్. ఆయిలు పోసేది ఆడే. ఆడే పాడుసేసినాడని మా ఆయన క్లబ్బుకి సెప్పేసినాడు. రేపు పోలీసులకీ ఇస్తాం."

"ఇద్దరికీ పడదా?"

"ఎందుకు పడదు? పోయినేడు పందెంలో పక్కోడు పడి నడుం ఇరగ్గొట్టుకుంటే, వణికిపోతన్న మా ఆయన్ని ధనరాజే సముదాయించినాడు. అలాటోడు..."

ఢిల్లేశ్వరరావు మనుషుల్ని తూచే పద్ధతి ఒకటే. నష్టం జరిగాక ఎవరి చేతిలో ఏం మిగిలిందో చూస్తాడు. ధనరాజ్‌కి మిగిలింది చెడ్డపేరు. ఆ తూకం ఆయనకు కుదరలేదు. సత్యశ్రీకి ఈ చూపంటేనే గౌరవం.

ముందు గోపీకృష్ణ ఇంటికి వెళ్లారు. అతను మంచం మీద ఉన్నాడు. "ఆ ఙపి గిన్నె అవతల పెట్టు, ఇక్కడిదాకా కంపు కొడతంది," అని వంటగదిలోని చేపముద్ద గురించి భార్యను కసిరాడు.

మూలన మట్టి పట్టిన తోలు దుస్తులు. వాటి పక్కన మేకుకు వేలాడుతూ, ఎడమ బూటుకు తొడిగే ఇనుప తొడుగు అద్దంలా మెరుస్తోంది.

"ఇది మీరు తుడిచారా?" ఢిల్లేశ్వరరావు సూర్యావతిని అడిగాడు.

"అమ్మో, ఆయన సామాను ముడితే ఊరుకుంటాడా? పడిన రోజు నించి అన్నీ అలాగే ఉన్నాయి."

ధనరాజ్ టీ కొట్లో దొరికాడు. పొయ్యి మీద పాలు మాడి పక్క బల్లవాళ్లు ముక్కులు మూసుకుని లేచిపోయినా అతను కదల్లేదు.

"వాసన తెలీదా?" సత్యశ్రీ అడిగింది.

"కోవిడ్ ఒచ్చిన కాణ్ణించీ లేదు, మా సత్యా. ఇంజను మోత నాను ఇంటాను, వాసన గోపీ సూస్తాడు. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు."

"ఆయిలు డబ్బా ఎక్కడుంటుంది?"

"గోపీ ఇంట్లో. ఆడు తెస్తే నాను పోస్తాను."

ట్వంటేలో గోపీకృష్ణ సాధన చేసే పొలం యజమాని సన్యాసి వాళ్లను గట్టు మీద కూర్చోబెట్టాడు.

"ఆ బండి తిరిగితే మా మామ్మ తల్లో ఆముదం వాసనే బాబూ. మా ఆవిడ ఆ వాసనకి తిడతాది, నాకిష్టం. ఆ రోజే రాలేదు. నాలుగు సుట్లు తిరిగినాడు, అయిదో సుట్టుకి ఆగిపోయి పడ్డాడు."

ఆ రోజు గోపీకృష్ణ తెచ్చిన డబ్బా పొలం పక్క షెడ్డులోనే ఉండిపోయింది. ఢిల్లేశ్వరరావు మూత తీసి వాసన చూసి, సత్యశ్రీకి అందించాడు. అందులో ఉన్నది ఆముదం కాదు.

మర్నాడు ఉదయం అందరినీ గోపీకృష్ణ ఇంట్లో కూర్చోబెట్టాడు.

"ఈ ఇంజనుకు వేసేది ఆముదంతో చేసిన ఆయిలు. అందులో వేరే ఆయిలు కలిస్తే జిగురు కట్టి ఇంజను పట్టేస్తుంది. డబ్బాలో అంతే చిక్కగా ఉన్న వేరే ఆయిలు పోశారు. ధనరాజ్‌కి వాసన తెలీదు, ఇచ్చింది పోశాడు. వాసన తెలిసిన మనిషి మాత్రం పొగ రాగానే బండి ఆపాలి. గట్టు మీదున్న సన్యాసికి తెలిసిన తేడా, వంటగదిలో చేపముద్దను మంచం మీంచే పసిగట్టినవాడికి తెలీలేదా?"

"ధ్యాసంతా బండి మీదుంది," అన్నాడు గోపీకృష్ణ.

"సరే. మరి ఇనుప తొడుగు? అది లేకుండా మలుపులో కాలు ఆన్చితే ఏమవుతుంది, ధనరాజ్?"

"మడమ ఉండదు."

"తోలు దుస్తులకు మట్టి ఉంది, తొడుగుకు మట్టి చుక్కైనా లేదు. ఆ రోజు మీరది వేసుకోలేదు. ఎందుకంటే జారే వేగంతో తిరగాలని మీరు అనుకోలేదు. ఇంజను ఆగుతుందని తెలుసు. మెల్లగా తిరిగి, మోచెయ్యి మాత్రం దోక్కుపోయేలా పడ్డారు. ఆయిలు మార్చింది మీరే."

సూర్యావతి భర్త వైపు తిరిగింది. "ఏటిది?"

అతను మేకు మీది తొడుగు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "పోయినేడు ఆ పక్కోడి నడుం ఇరిగిన సప్పుడు నాకింకా ఇనిపిస్తంది. స్టార్టింగు గేటు కాడ క్లచ్చి ఒదల్లేకపోతన్నాను. ఈదంతా నన్ను పులి అంటాది. పులి భయపడిందని ఎలా సెప్పను?"

"భయపడటం నేరం కాదు," అన్నాడు ఢిల్లేశ్వరరావు. "దాని ఖరీదు ఇంకొకరి చేత కట్టించడం నేరం. క్లబ్బుకు చెప్పిన అబద్ధం మీ నోటితోనే వెనక్కి తీసుకోండి."

గోపీకృష్ణ ఫోను తీశాడు. అందరూ వింటుండగా మేనేజరుకు ఇంగ్లీషులో రెండే విషయాలు చెప్పాడు: మెకానిక్ తప్పు లేదు, తాను ఇక రాడు. అవతలి మాట విని, తల ఎత్తకుండానే ధనరాజ్‌తో అన్నాడు. "నిన్ను రమ్మంటన్నారు. నువ్వొక్కడివే."

ధనరాజ్ లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"ఒరే, భయమేస్తందని నాతో ఒక్క మాట అనుంటే సరిపోయేది," అన్నాడు. "ఆ ఇంజను నానే పాడుసేసి పెట్టుదును. ఊ ఢిల్లీకి కూడా దొరక్కుండా."